పలాస దగ్గర మా ఊరి బ్యాంకు మిత్ర పాయింటు: 5కి 3 స్టార్లు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మని తీసుకుని వీధి చివర కిరాణా కొట్టుకెళ్లాను, సరుకులకి కాదు, డబ్బు తీయడానికి. కొట్లో ఓ మూల టేబులు, లాప్‌టాప్, వేలిముద్ర మెషిన్, గోడకి బ్యాంకు బోర్డు. బ్యాంకు తరఫున డబ్బిచ్చే ఏజెంటు అబ్బాయి, అంటే బ్యాంకు మిత్ర, కూర్చునే చోటన్నమాట. మాకు బ్యాంకంటే ఇదే. అసలు బ్రాంచికి ఆటోలో వెళ్లొచ్చేసరికి పూట గడిచిపోతుంది, ఆ రోజు కూలి పోయినట్టే. 1969లో 14 బ్యాంకుల్ని జాతీయం చేశాక పల్లెలకి బ్యాంకులొచ్చాయని చదువుకున్నాం, వచ్చాయి కూడా, మా ఊరి దాకా మాత్రం రాలేదు. 2006లో ఏజెంట్లను పెట్టుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు అనుమతించింది, 2014లో జన్‌ధన్ వచ్చింది, ఆ తర్వాతే అమ్మ పేరున ఒక ఖాతా. అంతకుముందు అమ్మ డబ్బంతా బియ్యం డబ్బాలో.

పని సులువే. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు. ఒకసారికి 10,000 దాకా తీయొచ్చు, వేలు పడితే రెండు నిమిషాలు. పడితే! అమ్మ ఏళ్ల తరబడి జీడి పిక్కలు ఒలిచింది, ఆ నూనెకి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. బొటనవేలు పడలేదు, చూపుడువేలు పడలేదు, "పిన్నీ, తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టు" అని ఆ అబ్బాయి ఓపిగ్గా చెప్తూనే ఉన్నాడు, చివరికి ఏడో వేలు పడింది. వెనక నిలబడ్డవాళ్లు ఒక్కరూ విసుక్కోలేదు, వాళ్లలో సగం మందివీ అలాంటి చేతులే.

ఇక రెండు స్టార్లు ఎందుకు కోశానంటే. వెయ్యికి 10 రూపాయలు పుచ్చుకున్నాడు. అతనికి కమిషన్ బ్యాంకు ఇస్తుంది, మన దగ్గర తీసుకోకూడదు. అడిగితే "కరెంటు, నెట్టు నా జేబులోంచే అన్నా" అన్నాడు. రెండోది రసీదు. రోల్ అయిపోయిందట. చదువు రాని మనిషికి ఖాతాలో ఎంత కోత పడిందో ఆ కాగితం తప్ప ఇంకేం చెప్తుంది? పోయినేడాది ఇక్కడే అమ్మ ఖాతాలో 2,000 కోత పడింది, చేతికి రాలేదు, రసీదు లేక ఎవరినీ గట్టిగా అడగలేకపోయాం. అలాంటప్పుడు 5 రోజుల్లో తిరిగి వేయాలని, దాటితే రోజుకి 100 చొప్పున ఇవ్వాలని 2019లోనే రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టింది, ఆ సంగతి నాకూ తర్వాతే తెలిసింది.

అయినా మూడు ఇచ్చాను. మంచం దిగలేని మా పక్కింటి తాతగారి దగ్గరికి మెషిన్ పట్టుకుని తనే వెళ్తాడు. పైగా మనకిచ్చే నోట్లు ముందు అతని సొంత పెట్టుబడి, ఖాతాల్లో లెక్క తర్వాత సరిపోతుంది. అందుకే ఉపాధి హామీ కూలి పడిన రోజు మధ్యాహ్నానికే గల్లా ఖాళీ. ఫోన్ పే ఉండగా ఇదెందుకు అనేవాళ్లుంటారు, మా అమ్మది బటన్ల ఫోను బాబూ.

వెళ్లేవాళ్లు 11 లోపే వెళ్లండి. ఆ తర్వాత అతను భోజనానికి పోతాడు, కొట్లో వాళ్లావిడ ఉంటుంది, పప్పు ఉప్పు ఇస్తుంది గానీ మెషిన్ మాత్రం ముట్టుకోదు.