యాక్సిలరేటర్ పెడల్ కప్లర్: రెండు వానాకాలాలు వాడాక

ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ ఉన్న బండి రేస్ అందుకోవడం లేదంటే, పెడల్ యూనిట్ కొనే ముందు దాని కప్లర్ (వైర్లని పెడల్‌కి కలిపే ప్లగ్గు) ఊడదీసి చూడండి. మా పికప్ సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి కొరాపుట్‌కి కూరగాయలు తెస్తుంది. వానల్లో ఘాటు మధ్యలో లోడుతో ఉండగా చెక్ ఇంజిన్ లైటు వెలిగేది, ఎంత తొక్కినా బండి కదిలేది కాదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. ఒక షాపులో పెడల్ మొత్తం మార్చాలన్నారు. మా ఎలక్ట్రీషియన్ మాత్రం కప్లర్ తీసి చూపించాడు: సీలు రబ్బరు ఎండి పగిలింది, ఒక పిన్ను మీద పచ్చగా చిలుము.

ఈ పెడల్‌కి కేబుల్ ఉండదు. లోపల రెండు సెన్సార్లు, మాకు ఆరు వైర్లు: ఒక్కోదానికి 5 వోల్టుల సప్లై, గ్రౌండు, సిగ్నల్. చాలా బండ్లలో ఒక సిగ్నల్ రెండోదానిలో సగం ఉంటుంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, రెండింటినీ పోల్చుకుంటూ ఉంటుంది. లెక్క కుదరకపోతే పెడల్‌ని నమ్మదు, రేస్ తగ్గించేస్తుంది. అంత చిన్న వోల్టేజీ మీద, కాస్త చిలుము పట్టినా చాలు, లెక్క తప్పుతుంది.

వైర్లతో వచ్చే సీల్డ్ కప్లర్ వేయించాం. బ్యాటరీ మైనస్ తీసి, వైర్లు ఒక్కొక్కటీ వేరే వేరే చోట కోసి, క్రింప్ చేసి (లోహపు గొట్టంలో కలిపి నొక్కి), లోపల జిగురుండే స్లీవ్ వేడి చేసి బిగించాడు. మెలిపెట్టి టేపు చుట్టే పని ఇక్కడ ఒప్పుకోకండి, ఎండకి టేపు జిగురు కారిపోతుంది. కొత్త వైర్ల రంగులు పాతవాటితో కలవవు, పిన్ను స్థానం చూసే కలపాలి. ఈసీయూ వైర్ల మీద టెస్ట్ లాంప్ పెట్టనివ్వకండి, మల్టీమీటరే వాడమనండి.

మొన్న విప్పి చూశాం. ఎర్రమట్టి సీలు అంచు దగ్గరే ఆగిపోయింది, లోపల పిన్నులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. చెక్ ఇంజిన్ లైటు మళ్లీ రాలేదు. నచ్చనివి రెండు: లాకు మరీ బిగువు, స్క్రూడ్రైవర్ లేనిదే ఊడదు, వైర్లు పొట్టివి, పెడల్ కింద తలదూర్చి పని చేయాల్సి వచ్చింది. ఇంకాస్త పొడుగు వైర్లున్న రకం దొరికితే, ధర ఎక్కువైనా అదే తీసుకోండి.