క్యాట్ ‘ఆడ్ సెంటెన్స్’ ప్రశ్నలు: పాత పేపర్లు, మూడు నోటుబుక్కులు, నా అనుభవం

2021, 2022, 2023. వరసగా మూడు నవంబర్లు క్యాట్, అంటే ఐఐఎంలలో ఎంబీఏ సీట్ల కోసం పెట్టే ప్రవేశ పరీక్ష రాశాను. ఇప్పుడు మా చిన్నమ్మ కూతురు రాస్తానంటోంది కాబట్టి ఆదివారాలు తనతో కూర్చుంటున్నాను. ఇన్నేళ్లలో ఎన్నో పుస్తకాలు, వీడియోలు, మాక్ టెస్టులు చేతులు మారాయి. చివరిదాకా నా దగ్గర నిలిచింది మాత్రం పాత క్యాట్ పేపర్లలోని ఆడ్ సెంటెన్స్ ప్రశ్నలు, వాటికోసం పెట్టుకున్న రూల్డ్ నోటుబుక్కులు. వాటితో సాధన చేయడం ఎలా ఉంటుందో, ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నాను. ముఖ్యంగా నాలాగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ల కోసం.

ప్రశ్న రూపం తెలియనివాళ్లకు రెండు మాటలు. అయిదు వాక్యాలు ఇస్తారు. వాటి వరస చెదిరి ఉంటుంది. నాలుగు కలిపితే ఒక పేరా అవుతుంది, ఒకటి అందులో ఇమడదు. అదే ఆడ్ సెంటెన్స్, నా మాటల్లో బేసి వాక్యం. ఆ ఒక్కదాని నంబరు మనమే తెరమీద టైప్ చేయాలి. ఆప్షన్లు ఉండవు. 2015 నుంచి క్యాట్‌లో ఇలా జవాబు టైప్ చేసే ప్రశ్నలు వస్తున్నాయి, వీటికి నెగెటివ్ మార్కులు లేవు. సరైన జవాబుకు మూడు మార్కులు. ఎన్ని ఇస్తారన్నది ఏటా ఒకేలా ఉండదు. చూడ్డానికి చిన్న ప్రశ్న. కానీ ఇంగ్లిష్ ప్రశ్నలుండే వెర్బల్ విభాగం మొత్తానికి ఉండేది 40 నిమిషాలు, పైగా పరీక్షలో మొదట వచ్చేది అదే. అక్కడ ఒక ఆడ్ సెంటెన్స్ దగ్గర నాలుగు నిమిషాలు ఇరుక్కుపోతే ఆ కంగారు లెక్కల విభాగం దాకా వెంట వస్తుంది. మొదటిసారి నాకు జరిగింది అదే.

మొదటి ఏడాది నేను పాత పేపర్లు ముట్టుకోలేదు. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఇచ్చిన మెటీరియల్ మీదే ఆధారపడ్డాను. అందులో ప్రశ్నలకు కొదవ లేదు. కీ మాత్రం “జవాబు: 2” అని ఊరుకునేది, కారణం ఉండేది కాదు. కొన్నిట్లో బేసి వాక్యం విషయమే వేరు. నాలుగు వాక్యాలు తేనెటీగల గురించి ఉంటే ఒకటి చీమల గురించి. అలాంటివి గబగబా చేసేసి నాకు వచ్చేసిందనుకున్నాను. అసలు పేపర్లో అయిదు వాక్యాలూ తేనెటీగల గురించే ఉంటాయి. నా మొదటి ఏడాది సాధన చాలావరకు ఇక్కడే వృథా అయింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ ఫీజు మా నాన్న అప్పు తెచ్చి కట్టారు.

రెండో ఏడాది 2017 నుంచి వచ్చిన పేపర్లన్నీ ముందు పెట్టుకున్నాను. 2019 దాకా పరీక్ష రోజున రెండు స్లాట్లు, 2020 నుంచి మూడు, ఒక్కో స్లాటుకు వేరే పేపరు, కాబట్టి ప్రశ్నలకు కరువు లేదు. వీటిలో నాకు బాగా నచ్చింది కీ నమ్మదగినది కావడం. పరీక్ష అయ్యాక కీ విడుదల చేసి అభ్యంతరాలు తీసుకుంటారు కాబట్టి జవాబు తప్పేమో అన్న అనుమానంతో గంటలు పోవు. నా జవాబు కీతో కలవకపోతే తప్పు నాలోనే ఉందని మొదలుపెట్టి వెతకొచ్చు. ఆ భరోసా లేకుండా ఈ రకం ప్రశ్నలు నేర్చుకోవడం చాలా కష్టం.

నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండు భాగాలు చేశాను. ఎడమ పక్క నేను ఎంచుకున్న నంబరు, దాని కారణం ఒకే వాక్యంలో, కీ చూడకముందే. కుడి పక్క కీ చూశాక తెలిసింది. ఎడమ పక్క కారణం రాయకుండా కీ చూడకూడదన్నది నా నియమం. మొదటి ముప్పై ప్రశ్నల్లో సగం కూడా రాలేదు. వచ్చినవాటిలోనూ ఎడమ పక్క రాసిన కారణం చాలాచోట్ల తప్పే. నంబరు అదృష్టంతో కలిసిందన్నమాట. ఈ సంగతి నోటుబుక్కు లేకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంగ్లిష్ వాక్యాలు ఇక్కడ పెట్టను. చెల్లికి మొదటి రోజు నేను తెలుగులో రాసిచ్చిన పేరా పెడతాను.

1. దాంతో వాననీరు పోయే దారి లేక చుట్టుపక్కల ఊళ్లు మునగడం మొదలైంది.
2. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరులోకి ఎన్నో వాగులు, కాలువలు వచ్చి చేరతాయి.
3. చేపల చెరువులు ఆ ప్రాంతంలో చాలా కుటుంబాలకు బతుకుతెరువు చూపించాయి.
4. ఆ నీరంతా ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది.
5. అయితే చేపల చెరువుల కోసం కట్టిన గట్లు ఆ ప్రవాహానికి అడ్డుపడ్డాయి.

చెల్లి వెంటనే 2-4-5-1 అని కలిపి మూడు బేసి అంది. అంతలోనే తనే ఆగింది. “అన్నా, మూడు తర్వాత అయిదు పెట్టినా ‘అయితే’ సరిపోతుంది కదా? బతుకుతెరువు దొరికింది, అయితే గట్లు అడ్డుపడ్డాయి. అప్పుడు ఒకటి బయటికి పోతుంది.” చాలా మంచి ప్రశ్న. 2-4-3-5 అని చదివి చూడండి. నాలుగు నుంచి మూడుకు వచ్చేటప్పుడు కాలు గట్టు దిగినట్టు ఒక కుదుపు ఉంటుంది. నీళ్లు సముద్రంలో కలుస్తున్నాయి అని చెప్పి, ఉన్నట్టుండి కుటుంబాల బతుకుతెరువు. నాలుగులోని ఏ మాటా మూడో వాక్యాన్ని పిలవలేదు. పైగా అయిదులోని “ఆ ప్రవాహం” ఒక వాక్యం దూరం వెనక్కి పోయి నాలుగును వెతుక్కోవాలి. 2-4-5-1లో ఎక్కడా కుదుపు లేదు. ఈ పేరా అంతా ఒక్క ప్రశ్నకు జవాబు: నీళ్లు ఎటు పోవాలి, ఎందుకు ఆగాయి, ఆగితే ఏమైంది. మూడో వాక్యం నిజమే, అవసరమైనదే, కానీ అది వేరే ప్రశ్నకు జవాబు.

మూడేళ్లలో నాకు దొరికిన అసలు సంగతి ఇదే. బేసి వాక్యాన్ని వెతకకూడదు. మిగతా నాలుగూ ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నాయో వెతకాలి. బేసి వాక్యం దాదాపు ఎప్పుడూ అదే విషయం మీద, అవే మాటలతో ఉంటుంది. అదే వ్యాసంలో ఇంకో పేరా నుంచి తెచ్చిపెట్టారేమో అని నాకు చాలాసార్లు అనిపించింది. అందుకే “ఇది విషయానికి సంబంధించిందా?” అని అడిగితే అయిదూ అవుననే అంటాయి. నోటుబుక్కులో ఈ రకానికి “దూరపు చుట్టం” అని పేరు పెట్టుకున్నాను. పెళ్లికి వచ్చిన అందరిలాగే ఉంటుంది, ఇంటిపేరు కూడా అదే, కానీ ఈ ఇంటి మనిషి కాదు. తప్పిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ పేరు కిందే చేరాయి. మిగతావి తక్కువ: నాలుగు వాక్యాలు జరిగింది చెబుతుంటే ఒకటి “ఇలా చేయాలి” అని సలహా ఇవ్వడం, నాలుగు ఒక ప్రయోగం గురించి ఉంటే ఒకటి మొత్తం శాస్త్రం గురించి మాట్లాడటం.

ఇక తెలుగువాళ్ల విషయానికి వస్తాను. ఇది నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు, నా కుడి పక్క గడుల్లోనే కనిపించింది. ఇంగ్లిష్ పేరాలో ఏది ముందు ఏది వెనక అని చెప్పే గుర్తుల్లో పెద్దవి ‘ఎ’, ‘ది’ అనే రెండు చిన్న మాటలు. కొత్తగా పరిచయం చేస్తే ‘ఎ స్టడీ’, మళ్లీ దాన్నే అంటే ‘ది స్టడీ’. మనకు తెలుగులో ఇవి లేవు. “జాలరి వల వేశాడు” అంటాం. ఆ జాలరి ఇంతకుముందు వచ్చినవాడో కొత్తవాడో సందర్భమే చెబుతుంది. అందుకే ఇంగ్లిష్ చదివేటప్పుడు మన కన్ను ‘ది’ మీద నిలవదు. నా కంటికైతే రెండేళ్లు నిలవలేదు. ‘ది’తో మొదలైన వాక్యాన్ని పేరాకు మొదటి వాక్యంగా పెట్టి, అసలు మొదటి వాక్యాన్ని బేసి అని తీసేసేవాణ్ని. ఇదే తప్పు నోటుబుక్కులో మళ్లీ మళ్లీ కనిపించాక, ప్రతి ప్రశ్నలో ముందుగా ‘ది’, ‘దిస్’, ‘సచ్’ కింద పెన్సిల్‌తో గీత గీయడం మొదలుపెట్టాను. ఒక్క జాగ్రత్త. సూర్యుడు, ప్రభుత్వం లాంటివాటికి ముందు పరిచయం లేకపోయినా ‘ది’ వస్తుంది. దాన్ని గుర్తు కింద లెక్కపెట్టకూడదు.

అలాగని మన భాష మనకు అడ్డంకి కాదు, చాలాచోట్ల సాయమే చేస్తుంది. “సీతా వచ్చింది” అని దీర్ఘం తీస్తే ఇంకెవరో ముందే వచ్చారని పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. “సీత మాత్రం రాలేదు” అంటే మిగతావాళ్లు వచ్చారు. ‘కూడా’, ‘మాత్రం’, ‘అయినా’, ‘అందుకే’ విన్నప్పుడు మన చెవి దానంతటదే వెనక్కి తిరుగుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఆల్సో’, ‘ఈవెన్’, ‘యెట్’ చేసే పని అదే. వాటిని తెలుగులో మనసులో అనుకుని చూడమని చెల్లికి చెబుతాను. వాక్యం మొత్తం అనువాదం చేయొద్దు, అంత సమయం ఉండదు. ఆ ఒక్క మాటనే. ఆ వాక్యం ఎవరి వెనక నిలబడాలో అప్పుడు తెలుస్తుంది. ‘దిస్ ప్యారడాక్స్’ (ఈ వైరుధ్యం) అని కనిపిస్తే ఏ ప్యారడాక్స్ అని అడగాలి. జవాబు ఏ వాక్యంలో ఉంటే అదీ ఇదీ జత.

అలా ఒక గట్టి జత దొరికితే సగం పని అయినట్టే. నాలుగింటి వరస పూర్తిగా తేల్చాలని కూర్చోవద్దు. చెదిరిన వాక్యాలను సరిగ్గా పేర్చమనే పారాజంబుల్ ప్రశ్నకు వరస కావాలి, ఇక్కడ నాలుగూ ఒక ఇంటివని తెలిస్తే చాలు. నేను ఈ తేడా తెలియక ప్రతి ప్రశ్నకూ పూర్తి వరస కట్టి సమయం పోగొట్టుకున్నాను.

పరీక్షలో ఒక్కోదానికి రెండు నిమిషాలే ఇవ్వండి. రెండు వాక్యాల మధ్య తేలకపోతే దేన్ని తీసేసినా మిగతా పేరాకు నష్టం లేదో దాన్నే టైప్ చేసి ముందుకు వెళ్లండి. నెగెటివ్ లేదు కాబట్టి ఖాళీగా మాత్రం వదలొద్దు. బ్యాంకు పరీక్షలకు, అంటే ఎస్‌బీఐ, ఐబీపీఎస్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షలు రాసేవాళ్లకు ఈ మాట వర్తించదు. అక్కడ తప్పు జవాబుకు పావు వంతు మార్కు కోత ఉంటుంది. పద్ధతి అదే అయినా గుడ్డిగా పెట్టకూడదు.

లోపాలూ చెప్పాలి. పాత పేపర్ల కీలో నంబరే ఉంటుంది, వివరణ మీరే తవ్వుకోవాలి. ఒక్కరే కూర్చుంటే తప్పు కారణాన్నే సరైనదని నమ్మే ప్రమాదం ఉంది. నాకు హాస్టల్‌లో ఒక స్నేహితుడు ఉండేవాడు, ప్రతి కారణానికీ ఎదురు వాదించేవాడు. అలాంటి మనిషి ఒకరు ఉంటే ఈ సాధన విలువ రెట్టింపు. ఇంకోటి, పేపర్లు త్వరగా అయిపోతాయి. రెండోసారి చేసేటప్పుడు జవాబు గుర్తుంటుంది కాబట్టి, కనీసం నాలుగు నెలల ఎడం ఇచ్చి, జవాబు కాకుండా కారణం మాత్రమే రాయాలి. ఇంగ్లిష్ పేరాలు చదవడమే ఇంకా బరువుగా ఉన్నవాళ్లకు ఇప్పుడే ఇది వద్దు. దినపత్రిక సంపాదకీయాలు చదవమని అందరూ అంటారు, అవి మంచివే. కానీ నాకు ఎక్కువ పనికొచ్చినవి చరిత్ర, మనస్తత్వం, జీవశాస్త్రం మీద పొడవాటి వ్యాసాలు. ఒక్కో పేరా చదివాక ఇది ఏ ప్రశ్నకు జవాబు అని అంచున రాసుకుంటూ ఆరు నెలలు చదివి, ఆ తర్వాత పేపర్లు మొదలుపెడితే మేలు.

మూడో నోటుబుక్కులో ఏడు ప్రశ్నలకు కుడి పక్క గడి పెన్సిల్ రాతతోనే ఉంది. కీ నంబరు తెలుసు, కారణం నాకు పూర్తిగా కుదరలేదు. పోయిన ఆదివారం చెల్లి వాటిలో ఒకదాన్ని చాలాసేపు చూసి, రెండో వాక్యంలో ‘ది’ కింద గీత గీసి నా ముందు పెట్టింది. “ఇది ఎవరినో తెలిసినవాళ్లను పిలుస్తోంది అన్నా. మిగతా నాలుగింట్లో ఆ మనిషి లేడు.” నేను అయిదు వాక్యాలూ మళ్లీ చదివాను. నిజంగానే లేడు. ఆ గడిలో తన మాటనే పెన్నుతో రాసుకున్నాను. ఇంకా ఆరు ఉన్నాయి.