కూడబలుక్కోవడమా, చూసి గుర్తుపట్టడమా: చదవడం నేర్పడానికి ఏది మేలు?

పిల్లలకు చదవడం నేర్పే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది అక్షరం, దాని శబ్దం నేర్పి, ఆ శబ్దాలను కలుపుతూ మాట చదివించడం. కూడబలుక్కుని చదవడం అంటామే, అదే. ఇంగ్లిష్ బళ్లలో దీన్ని ఫోనిక్స్ అంటారు. రెండోది ఫ్లాష్ కార్డుల దారి. మాట మొత్తాన్నీ బొమ్మలా చూపించి, చూడగానే గుర్తుపట్టేలా చేయడం. కథలు చదివి వినిపిస్తే చాలు, చదవడం దానంతటదే వస్తుందనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి తర్వాత.

మొదట్లో ఫ్లాష్ కార్డులే గెలిచినట్టు కనిపిస్తాయి. కార్డు తీయగానే పిల్ల టకటకా చెప్పేస్తుంది, ఇంట్లో అందరికీ మురిపెం. కూడబలుక్కునే పిల్ల ఇంకా "ప... ల... క" దగ్గరే ఉంటుంది. అమ్మానాన్నలకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. కానీ కొత్త మాట ఎదురైనప్పుడు చూడండి. ప, ల, క అనే మూడంటే మూడు అక్షరాలు వచ్చిన పిల్ల పలక, కలప, కల, పకపక, లకలక అన్నీ ఎవరూ చెప్పకుండానే చదివేస్తుంది. 'పలక'ను బొమ్మలా గుర్తుపెట్టుకున్న పిల్లకు 'కలప' మళ్లీ ఓ కొత్త బొమ్మే. అలా ఎన్నని గుర్తుపెట్టుకుంటుంది?

అంతకన్నా పెద్ద చిక్కు ఊహించి చెప్పే అలవాటు. బొమ్మ కింద 'కుక్కపిల్ల' అని రాసి ఉంటే, పిల్లలు ఆ బొమ్మ చూసి "కుక్క" అనేస్తారు. బొమ్మకు చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతారు. మీ పిల్లలు నిజంగా చదువుతున్నారో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి బడిలో 'ఇయర్ 1' (అయిదారేళ్ల) పిల్లలకు పెడుతున్న చదివే పరీక్షలో 40 మాటలుంటే, అందులో సగం అర్థం లేనివి. కంఠతా వచ్చినవి ఒప్పజెప్పడం అక్కడ కుదరదు. అంతకుముందే, 2000లో, అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల సంఘం అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టి, శబ్దాలను ఒక క్రమంలో నేర్పడమే మెరుగని తేల్చింది.

భాషను బట్టి కొంత తేడా ఉంటుందన్నది నిజమే. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలతో దాదాపు 44 శబ్దాలు పలకాలి, పైగా రాసేదొకటి, పలికేదొకటి. ఫిన్నిష్‌లో ఆ గోల లేదు, అందుకే అక్కడి పిల్లలు బడిలో మొదటి ఏడు ముగిసేసరికే దాదాపు తప్పుల్లేకుండా చదువుతారు. తెలుగులోనూ రాసిందే చదువుతాం. కాకపోతే గుణింతాలు, ఒత్తుల వల్ల నేర్చుకోవాల్సిన ఆకారాలు చాలా ఎక్కువ. కాబట్టి తెలుగుకు కూడబలుక్కోవడమే సరిపోతుంది, తొందరపెట్టకూడదంతే. ఫ్లాష్ కార్డులు ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ మాట వినని కొన్ని మాటలకు దాచుకుంటే చాలు.

ఇక చదివి వినిపించడం. దీన్ని పోటీలో నిలబెట్టడమే తప్పని నా అభిప్రాయం. 1986లో గఫ్, టన్‌మర్ అనే పరిశోధకులు చదవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు: అక్షరాలను విప్పగలగడం, విన్న భాష అర్థం కావడం. రెంటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. మొదటిది నేర్పితేనే వస్తుంది, ఎందుకంటే మాట్లాడటంలా చదవడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. రెండోది కబుర్లతో, కథలతో పెరుగుతుంది.

అదీ మనుషుల ద్వారానే. 2003లో పరిశోధకురాలు ప్యాట్రీషియా కుల్ బృందం 9 నెలల అమెరికన్ పసివాళ్లకు చైనీస్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ భాష శబ్దాల తేడాలు పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలో వచ్చినప్పుడు ఏమీ పట్టుకోలేదు. అలాంటప్పుడు ఊయలలోని బిడ్డకు ఫోన్‌లో అక్షరాల వీడియోలు పెట్టడం దేనికో నాకైతే అర్థం కాదు.

నా ఓటు కూడబలుక్కోవడానికే, అదీ రోజుకు కొద్ది నిమిషాలే. మిగతా సమయం కథలకివ్వండి. కథ మధ్యలో ఆపి "ఇదేం అక్షరం?" అని మాత్రం అడగకండి. అలా రెండుసార్లు అడిగితే మూడోసారి ఆ పుస్తకం పట్టుకుని మీ దగ్గరికి రారు.