కళింగపట్నం మొగ నుంచి బారువ దాకా: సిక్కోలు తీరంలో డ్రోన్ పనోరమాలు

సంక్రాంతి సెలవుల్లో నేను, మా బావమరిది నాలుగు రోజులు శ్రీకాకుళం తీరం వెంట తిరిగాం. చుట్టూ తిప్పి చూడగలిగే 360 డిగ్రీల పనోరమాలు తీయాలన్నదే కోరిక. మా డ్రోన్ 250 గ్రాముల లోపుది. వెళ్ళే ముందే డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్) మ్యాప్‌లో ఏ చోటు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో ఉందో చూసుకున్నాం. అక్కడ 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. విజయనగరం తీరం కూడా చూద్దామనుకున్నాం కానీ, భోగాపురం విమానాశ్రయం దగ్గర కావడంతో వదిలేశాం.

మొదటి రోజు శాలిహుండం. కొండ మీద బౌద్ధ స్తూపాలు, కింద వంశధార, దూరంగా సముద్రం. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కాబట్టి డ్రోన్ సంచిలోంచి తీయనేలేదు. ఫోన్ చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పుతూ తీసిన పనోరమాయే బాగా వచ్చింది. తేలినీలాపురం దగ్గర కూడా ఎగరేయలేదు. చెట్ల నిండా గూళ్ళు కట్టుకుని ఉన్న పక్షుల మీద ఆ చప్పుడు చేయడానికి మనసొప్పలేదు.

మా అసలు గమ్యం కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే మొగ, ఇసుక దిబ్బలు, ఒడ్డున వరసగా పడవలు. మొదటిసారి ఆశ కొద్దీ 110 మీటర్ల ఎత్తుకు పంపాం. పైనుంచి అన్నీ చీమల్లా కనిపించాయి. 60 మీటర్లకు దించాక పడవల రంగులు, ఆరేసిన వలలు కూడా తెలిశాయి. పనోరమాకు ఎత్తు కంటే దగ్గరితనం ముఖ్యమని అక్కడే నాకు గట్టిగా అనిపించింది. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి పెరుగుతుంది, తెల్లవారుజామున మంచు. ఉదయం ఏడున్నర, ఎనిమిది మధ్యే మాకు కుదిరింది.

ఆ రోజే ఒక నష్టం జరిగింది. డ్రోన్ పాతిక ఫోటోల దాకా తీసి, తానే అతికించి ఒక చిన్న ఫోటో ఇస్తుంది. విడి ఫోటోలు కూడా దాచమని సెట్టింగ్‌లో ముందే చెప్పాలి. మేం చెప్పలేదు. రాత్రి చూస్తే అతికించిన ఫోటో తప్ప ఏమీ మిగల్లేదు, అందులో సూర్యుడున్న వైపు తెల్లగా పేలిపోయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళి ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) రెండూ ఫోటో ఫోటోకీ మారకుండా లాక్ చేసి తీశాం.

బస గురించి చెప్పాలి. బీచ్ పక్కన దిగిన గది కిటికీ తీస్తే అలలే. కానీ రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది, నెట్ అందలేదు, లాప్‌టాప్ పెట్టుకోవడానికి బల్ల కూడా లేదు. రెండో రాత్రి శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మామూలు లాడ్జికి మారాం. కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడే. అయినా జనరేటర్, బల్ల, వైఫై సరిగ్గా ఉన్నాయి. ఇలాంటి పనికి నా ఓటు లాడ్జికే. తెల్లవారుజామున లేచి ఆటోలో తీరానికి వెళ్ళడం పెద్ద కష్టం కాదు, రాత్రి లాప్‌టాప్‌లో విడి ఫోటోలు అతికించే పని ఆగిపోవడమే కష్టం.

అతికించడానికి హగిన్ వాడాను, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. పక్కపక్క ఫోటోల్లో ఒకే గుర్తును వెతికి కలుపుతుంది. ఇల్లు, చెట్టు, పడవ ఉంటే ఇట్టే దొరుకుతాయి. సముద్రం మాత్రమే ఉన్న ఫోటోలో ఏ గుర్తూ ఉండదు, అలలు కదిలిపోతాయి. కళింగపట్నం ఫోటోల్లో నాలుగైదు అలాంటివే, వాటిని చేత్తో సర్దడానికి అర్ధరాత్రి దాటింది. కదులుతున్న పడవ ఒకటి అతుకు దగ్గర రెండుసార్లు పడితే, ఒక ఫోటోలో దాన్ని కనపడకుండా మాస్క్ చేశాను. డ్రోన్ కెమెరా నిట్టనిలువుగా పైకి తిరగదు కాబట్టి నడినెత్తిన ఆకాశంలో మిగిలే గుండ్రటి ఖాళీని గింప్ అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో పక్కనున్న నీలంతో పూడ్చాను.

సముద్రం ఫోటోలతో పడ్డ ఆ తిప్పలు చూశాకే బారువలో తీరు మార్చాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు అది. నీటి అంచున కాకుండా కాస్త లోపలికి జరిగి ఎగరేశాం. కొబ్బరి చెట్లు, దీపస్తంభం, ఊరి కప్పులు దాదాపు ప్రతి ఫోటోలో పడ్డాయి. అరగంటలో అతుకు పూర్తయింది. అందానికి కళింగపట్నం ముందుంటుంది, మొదటిసారి తీసేవాళ్ళకు మాత్రం బారువే చెబుతాను. సోంపేటలో దిగితే దగ్గర.

ఇక పంచుకోవడం. కళింగపట్నంలో వల బాగుచేసుకుంటున్న ఒక తాత "మా ఊరు ఎలగుందో నాకూ సూపించు బాబూ" అన్నాడు. ఆయన మనవడి వాట్సాప్‌కు మామూలు ఫోటోగా పంపితే నలిగిన రిబ్బనులా వెళ్ళింది. అలా పంపితే సైజు తగ్గడమే కాదు, ఇది 360 ఫోటో అని ఫోన్‌కు చెప్పే సమాచారం కూడా పోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు చెడదు, కానీ తిప్పి చూపే యాప్ కావాలి. ఫేస్‌బుక్‌లో పెడితే వేలితో తిప్పి చూడొచ్చు. 360 ఫోటోలు పెట్టుకునే కూలా (Kuula) వెబ్‌సైట్‌లో పెట్టి లింకు పంపితే బ్రౌజర్‌లోనే తెరుచుకుంది, కుర్రాడికి అదే నచ్చింది.

తాతకు ఫోన్ తెర ఆనలేదు. శ్రీకాకుళంలో ఒక స్టూడియోలో మొగ వైపున్న సగాన్ని పొడుగ్గా ప్రింటు తీయించి, లామినేషన్ చేయించాం. గంటన్నరలో ఇచ్చారు, రంగులు కూడా తేలిపోకుండా శ్రద్ధగా చేశారు. వెళ్ళే రోజు ఇస్తే ఆయన ముందు తన పడవను వెతుక్కున్నాడు. తర్వాత ఇసుక దిబ్బ మీద వేలు పెట్టి, "పోయినేడు మొగ ఇక్కడుండీది" అన్నాడు. వానలు తగ్గాక మళ్ళీ వచ్చి తీయమన్నాడు. డ్రోన్ లేపిన చోటు కోఆర్డినేట్లు, 60 మీటర్ల ఎత్తు, కెమెరా మొదట చూసిన దిక్కు, మూడూ ఆ ప్రింటు వెనకే రాసి, ఒక కాపీ నా దగ్గర ఉంచుకున్నాను.