అమ్మ ప్రయాణాల కోసం కొన్న టియాగో ఈవీ

నెలకు రెండుసార్లు అమ్మను నల్గొండ నుంచి హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రానూపోనూ 200 కిలోమీటర్ల పైనే. లీటరు పెట్రోలు 107 రూపాయలు దాటాక పాత కారుకు ప్రతిసారీ 1,500 అయ్యేది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించాక టాటా వాళ్ల ఈ ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాను.

24 యూనిట్ల బ్యాటరీ. రాత్రి ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్గుకు పెడితే తెల్లారేసరికి ఫుల్. ఇంజన్ చప్పుడే లేదు, నార్కట్‌పల్లి రాకముందే అమ్మ నిద్రపోతుంది. నాకు అదే చాలా ఇష్టం.

వచ్చేటప్పుడు మాత్రం దారిలో ఛార్జింగ్ పెట్టుకోవాలి. మేలో ఒకసారి హైవే మీద ఛార్జర్ పనిచేయలేదు. కనీసం బోర్డు పెట్టలేదు. ఆ ఎండలో అమ్మ గంటసేపు కూర్చుంది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.