మెరైనర్స్ ‘పూర్తి చరిత్ర ప్యాక్’ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఈమధ్య ఒక ప్రకటన తిరుగుతోంది. మెరైనర్స్ బేస్‌బాల్ జట్టు చరిత్ర మొత్తం, 1977 నుంచి ఇప్పటిదాకా ప్రతి మ్యాచ్, ప్రతి ఆటగాడు, ప్రతి లెక్క ఒకే హార్డ్‌డిస్క్‌లో ఇస్తారట. పైగా ఆ జట్టు పాత హీరో ఎడ్గార్ మార్టినెజ్ సంతకం చేసిన ఫోటో ఉచితమట. ధర 200 డాలర్లు, మనవాళ్ళకైతే 180. నేను కొన్నాను. మీరు కొనకండి.

ఎందుకు కొన్నానో చెప్తే నవ్వుతారేమో. మాది గుంటూరు జిల్లా. చిన్నప్పుడు పేపర్లో వచ్చే క్రికెట్ స్కోరుకార్డులు కత్తిరించి, అన్నం మెతుకులతో నోటుబుక్కులో అంటించిన బాపతు నేను. బేస్‌బాల్ ఇక్కడికొచ్చాక మా అబ్బాయి వల్ల అంటుకుంది. వాడికి పన్నెండేళ్ళు. 2025లో మెరైనర్స్ ఆటగాడు క్యాల్ రాలీ 60 హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టిన ఏడాదంతా మా ఇంట్లో వేరే మాట లేదు. అక్టోబర్ 20న టొరంటోలో సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్. మనవాళ్ళు 3-1తో ముందున్నారు. ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్. మొత్తం లీగ్‌లో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అక్కడికి వెళ్ళని జట్టు ఇదొక్కటే. అప్పుడు టొరంటో ఆటగాడు స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు, 4-3తో పోయింది. మావాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున, “నాన్నా, వీళ్ళు ముందెప్పుడైనా బాగా ఆడారా?” అని అడిగాడు.

ఆడారు. 2001లో 116 మ్యాచ్‌లు గెలిచారు. 1906లో చికాగో కబ్స్ పెట్టిన రికార్డుతో సమానం. 1995 అయితే పెద్ద కథే. కానీ ఆ కథల్లో నాకు సగమే తెలుసు. మొత్తం వాడికి చూపించాలని వెతుకుతుండగా ఈ ప్రకటన కంటపడింది.

ఫోన్ చేస్తే అవతలి మనిషి మొదటి మాటే “అన్నా, మీదేవూరు?” అన్నాడు. వాళ్ళమ్మమ్మగారిది మా పక్క మండలమట. అక్కడే నేను సగం పడిపోయాను. ఫీజు పడకుండా ఉంటుంది, స్నేహితులకి పంపే పద్ధతిలో డబ్బు పంపమన్నాడు. పంపాను. ఆ పద్ధతిలో పంపిన డబ్బుకి కొనుగోలుదారుకుండే రక్షణ వర్తించదని తెలిసే పంపాను, అదీ నా తెలివి. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో డిస్క్, ఫోటో చేతిలో పెట్టి వెళ్ళాడు.

రెండు రోజులు బాగానే గడిచింది. 2012 ఆగస్టు 15న ఫెలిక్స్ హెర్నాండెజ్ టాంపా జట్టు మీద ఆడిన పర్‌ఫెక్ట్ గేమ్ తీసి చూశాం. ఒక్క బ్యాటరు కూడా బేస్ ఎక్కలేదు, 1-0తో గెలుపు, అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడో రోజు మావాడు లైబ్రరీ పుస్తకంలో కింగ్‌డోమ్ గురించి చదివాడు. పాత స్టేడియం అది, కాంక్రీట్ కప్పుతో ఉండేది. 1994 జులై 19న మ్యాచ్‌కి ముందు దాని కప్పు నుంచి పెద్ద పెద్ద పలకలు కింది సీట్ల మీద పడ్డాయి. అదృష్టం కొద్దీ అప్పటికి జనాన్ని ఇంకా లోపలికి వదల్లేదు. స్టేడియం మూసేశారు. ఆ తర్వాత జట్టు సొంత ఊళ్ళో ఆడే వీల్లేక ఊరూరూ తిరిగింది. అలా తిరుగుతుండగానే ఆగస్టు 12న ఆటగాళ్ళ సమ్మె మొదలైంది. సీజన్ అక్కడితో సరి, వరల్డ్ సిరీస్ కూడా రద్దు. మెరైనర్స్ ఆ ఏడాది ఆడింది 112 మ్యాచ్‌లే, 49 గెలుపులు, 63 ఓటములు.

ఆ పలకలు పడ్డాక ఏమైందో చూద్దామని వాడు డిస్క్‌లో 1994 ఫైలు తెరిచాడు. అందులో 162 మ్యాచ్‌లున్నాయి, అంటే సమ్మె లేని పూర్తి సీజన్. ఆగస్టు చివర్లో కింగ్‌డోమ్‌లో మ్యాచ్‌లు, సెప్టెంబర్‌లో కింగ్‌డోమ్‌లో మ్యాచ్‌లు, అన్నిటికీ స్కోర్లు! సీజన్‌కి ముందు అచ్చేసిన షెడ్యూలు తీసుకుని, ఖాళీల్లో నోటికొచ్చిన అంకెలు నింపినట్టున్నాడు. మావాడు స్క్రీన్ వంక చూసి, “జరగని మ్యాచ్‌లో కూడా మనమే ఓడిపోయాం నాన్నా” అన్నాడు.

ఇక ఇద్దరం కూర్చుని తవ్వడం మొదలుపెట్టాం. కెన్ గ్రిఫీ పేజీలో 782 హోమ్‌రన్లు కనిపించాయి. అంటే బ్యారీ బాండ్స్ రికార్డు 762 కన్నా 20 ఎక్కువ! మొదట నాకూ అర్థం కాలేదు. గ్రిఫీ జూనియర్‌వి 630. మరి మిగతా 152 ఎక్కడివంటే, వాళ్ళ నాన్నవి. ఇద్దరి పేరూ కెన్ గ్రిఫీయే, ఇద్దరూ ఇదే జట్టుకి ఆడారు. 1990 ఆగస్టు 31న తండ్రీకొడుకులు మొదటిసారి కలిసి దిగారు. సెప్టెంబర్ 14న అనహైమ్‌లో ముందు నాన్న, ఆ వెంటనే కొడుకు వరసగా హోమ్‌రన్లు కొట్టారు. అంత ముచ్చటైన సంగతి ఈ ప్యాక్‌లో లేదు, ఉండదు కూడా, ఎందుకంటే ఇందులో ఉన్నది ఒక్క గ్రిఫీయే. మా ఊళ్ళో ఒకే ఇంటిపేరున్న ఇద్దరు వెంకటేశ్వర్లకి ఒక్క రేషన్ కార్డు రాసిన గుమాస్తా గుర్తొచ్చాడు.

జపాన్ నుంచి వచ్చి ఈ జట్టుకి ఆడిన ఇచిరో పేజీ ఇంకో రకం. హిట్లు (బంతి కొట్టి బేస్ చేరినవి) 4,367 అని ఉంది. ఇక్కడి మేజర్ లీగ్‌లో ఆయనవి 3,089. జపాన్‌లో కొట్టిన 1,278 కూడా చెప్పాపెట్టకుండా కలిపేశారు. కలిపి చెప్పడం తప్పని నేననను, ఆ మొత్తాన్ని చాలామంది చెబుతారు. కానీ ఆ సంగతి పక్కన రాయాలిగా? 2004లో ఆయన కొట్టిన 262 హిట్లు మాత్రం సరిగ్గానే పడ్డాయి. ఒక సీజన్ రికార్డుగా 1920లో జార్జ్ సిస్లర్ కొట్టిన 257 అప్పటిదాకా 84 ఏళ్ళు నిలబడింది. మైదానాల లెక్కా తప్పే. 1999లో జట్టు జూన్ దాకా కింగ్‌డోమ్‌లో ఆడి, జులై 15న కొత్త మైదానానికి మారింది. డిస్క్‌లో మాత్రం ఏడాది పొడుగునా కొత్త మైదానమే. వీడియోల సంగతి రెండు ముక్కల్లో: సగం అవే క్లిప్పులు వేరే పేర్లతో, మిగతావి టీవీలోంచి ప్రకటనలతో సహా దించినవి.

అప్పుడు ఫోటో తీసి చూశాను. 1995 అక్టోబర్ 8, యాంకీస్‌తో నాకౌట్ సిరీస్‌లో ఆఖరిదైన ఐదో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్. 5-4తో వెనకబడి ఉన్నప్పుడు జాక్ మెక్‌డోవెల్ వేసిన బంతిని ఎడ్గార్ ఎడమ గీత వెంట కొట్టాడు. మూడో బేస్ మీదున్న జోయీ కోరా వచ్చేశాడు, స్కోరు సమం. వెనకే మొదటి బేస్ నుంచి గ్రిఫీ ఆగకుండా పరిగెత్తుకొచ్చి జారుతూ హోమ్ చేరాడు. 6-5. ఈ ఊళ్ళో ‘ద డబుల్’ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. ఫోటో ఆ క్షణానిదే. కింద నీలం ఇంకుతో సంతకం, సంతకం కింద హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్ళకిచ్చే గౌరవం) 2019 అని పొట్టిగా రాసి ఉంది. బాగానే ఉంది. వెనక అంటించిన ధ్రువీకరణ పత్రం మీద తేదీ మాత్రం 2014.

ఎడ్గార్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికైంది 2019 జనవరిలో, పదో ఏట, అంటే ఓటింగ్‌లో ఆయనకున్న ఆఖరి అవకాశంలో. 2014లో అది జరుగుతుందని ఆయనక్కూడా తెలీదు. ఆ పత్రం ఇచ్చిన సంస్థ గురించి వెతికితే ఎక్కడా జాడ లేదు. అమ్మినాయనే ప్రింటు తీసుకున్నాడని నా అనుమానం.

ఫోన్ చేశాను. మొదటిసారి, “డేటా అన్నాక చిన్న చిన్న తప్పులుంటాయన్నా” అన్నాడు. రెండోసారి డ్రైవింగ్‌లో ఉన్నానన్నాడు. మూడోసారికి నా నంబరు బ్లాక్.

180 డాలర్లకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఇందులో సరిగ్గా ఉన్న లెక్కలన్నీ ఎక్కడివో మావాడు పట్టుకున్నాడు. ఫైళ్ళలో వాడిన పొట్టి కోడ్‌లు రెట్రోషీట్ వాళ్ళవి. 1989లో డేవిడ్ స్మిత్ అనే బయాలజీ ప్రొఫెసర్ మొదలుపెట్టిన పని అది. ఎంతోమంది జీతం లేకుండా, జట్ల దగ్గరా పత్రికల దగ్గరా పడున్న పాత స్కోరుషీట్లు వెతికి, మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఎక్కించారు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. వాళ్ళు అడిగేది ఒక్కటే: ఈ సమాచారం మా దగ్గర ఉచితంగా దొరికిందని కనిపించేలా ఒక ముక్క రాయండి అని. ఈయన ఆ ముక్క తీసేసి, లేనిచోట కల్పించి, మనకి అమ్మాడు.

కాబట్టి జట్టు గతం చూడాలనుకుంటే డబ్బు పెట్టకండి. రెట్రోషీట్ ఉంది. బేస్‌బాల్ రిఫరెన్స్‌లో ఏ ఏడాది, ఏ మ్యాచ్ అయినా బాక్స్ స్కోరుతో (మన స్కోరుకార్డు లాంటిది) సహా ఉచితంగా చూడొచ్చు, లోతుగా వెతికే పనిముట్టుకే చందా. బ్యాటు తాకాక బంతి వేగం, అది లేచిన కోణం లాంటివి కావాలంటే 2015 నుంచి బేస్‌బాల్ సావంత్‌లో ఉన్నాయి. పాత మ్యాచ్‌లు కొన్ని లీగ్ వాళ్ళే యూట్యూబ్‌లో పెట్టారు.

ఎవరైనా ఏ జట్టు ప్యాక్ అయినా అమ్మజూపితే ముందు నాలుగు ఏళ్ళు తీసి చూపించమనండి: 1981, 1994, 1995, 2020. మొదటి రెండూ సమ్మె ఏళ్ళు. 1995 ఆలస్యంగా మొదలైంది కాబట్టి షెడ్యూలు 144 మ్యాచ్‌లే. మెరైనర్స్‌కి మాత్రం 145, ఏంజెల్స్‌తో సమానంగా నిలిచి ఇంకోటి ఆడాల్సొచ్చింది, 9-1తో గెలిచారు. 2020 కరోనా ఏడాది, 60 మ్యాచ్‌లే. వీటిలో ఎక్కడైనా 162 కనిపిస్తే ఇంక మాటలక్కర్లేదు, లేచి వచ్చేయండి.

సంతకాలు, మ్యాచ్‌లో వాడిన వస్తువులు కొనేవాళ్ళు లీగ్ హోలోగ్రామ్ స్టిక్కర్ చూసుకోండి. 2001లో మొదలైన పద్ధతి అది. వాళ్ళ మనిషి దగ్గరుండి కళ్ళారా చూస్తేనే అంటిస్తారు. దాని మీద నంబరు లీగ్ సైటులో కొడితే ఏ వస్తువో వస్తుంది. డబ్బు క్రెడిట్ కార్డుతోనే ఇవ్వండి, తేడా వస్తే అభ్యంతరం పెట్టొచ్చు. ఆ దారి నాకు లేదు. వాషింగ్టన్ అటార్నీ జనరల్ ఆఫీసుకి ఫిర్యాదు పంపాను, ఇంకా జవాబు రాలేదు. ఇదే డిస్క్ కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీరూ పంపండి.

నిన్న సాయంత్రం ఆ ప్రకటన మళ్ళీ కనిపించింది, ఇంకో గ్రూపులో, ఇంకో నంబరుతో. ధర 150కి దిగింది. ఈసారి ఉచిత ఫోటో ఇచిరోది.