బురదనీటికి సరిపోయే బుల్లి కెమెరా: ఓఎం సిస్టమ్ టీజీ-7, పీటీ-059 హౌసింగ్

నీటి అడుగున తీసిన వీడియో మసగ్గా వచ్చిందంటే ముందు అడగాల్సింది కెమెరాకీ చేపకీ మధ్య ఎంత నీరుందని. రెండు మీటర్ల నీరుంటే ఎంత ఖరీదైన కెమెరా అయినా పొగమంచులో తీసినట్టే తీస్తుంది. జానెడు దూరంలో ఉంటే మామూలు కెమెరాతోనూ పొలుసులు లెక్కపెట్టొచ్చు. బంగాళాఖాతం తీరంలో ఇది మరీ నిజం. నదులు మోసుకొచ్చే ఒండ్రు ఒకవైపు, అలలు లేపే ఇసుక ఇంకోవైపు. రుషికొండ దగ్గర నీళ్లలోకి దిగేవాళ్లకి తేటనీళ్లు దొరికితే అది ఆ రోజు అదృష్టం. అందుకే టీజీ-7ని ఇక్కడ ఒకే కోణంలో చూస్తున్నాం: జీవికి ఎంత దగ్గరికి వెళ్లనిస్తుంది, అంత దగ్గర్లో ఎలాంటి వీడియో ఇస్తుంది?

ఒలింపస్ కెమెరా వ్యాపారం 2021 నుంచి ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ చేతికి వెళ్లింది. టీజీ-7 వాళ్లు 2023 సెప్టెంబరులో ప్రకటించిన కెమెరా, అమెరికాలో అప్పటి ధర 550 డాలర్లు. లోపలున్నది 12 మెగాపిక్సెళ్ల సెన్సర్, సైజు చూస్తే కందిగింజ కంటే ఏమంత పెద్దది కాదు. ఈ రోజుల్లో ఫోన్లే 50, 100 మెగాపిక్సెళ్లు అంటుంటే 12 ఏంటని నవ్వొచ్చు. కానీ 4కే వీడియో ఫ్రేముకి కావాల్సింది 3840 × 2160, అంటే 8 మెగాపిక్సెళ్ల పైచిలుకు. ఇంత చిన్న సెన్సర్‌లో అంతకంటే ఎక్కువ పిక్సెళ్లు ఇరికిస్తే చీకట్లో గరుకుదనం పెరుగుతుందే తప్ప వివరం పెరగదు. 4కేలో సెకనుకి 30 ఫ్రేములు, ఫుల్ హెచ్‌డీలో స్లో మోషన్‌కి 120 ఫ్రేములు వస్తాయి. 4కే డేటా సెకనుకి 100 మెగాబిట్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే నిమిషానికి 750 ఎంబీ పైన, 64 జీబీ కార్డులో గంటా ఇరవై నిమిషాలు. మెమరీ కార్డు వేగాన్ని చెప్పే గుర్తుల్లో వీ30 ఉన్న కార్డు చాలు, ఇంకా వేగమైన వీ60, వీ90 కార్డుల మీద డబ్బులు పోయడం దండగ.

దీని అసలు బలం మైక్రోస్కోప్ మోడ్. లెన్స్ నుంచి 1 సెంటీమీటర్ దూరంలో ఉన్నదాని మీద కూడా ఫోకస్ కుదురుతుంది, అదీ జూమ్ పూర్తిగా లాగాక కూడా. చాలా కెమెరాల్లో జూమ్ చేసిన కొద్దీ వెనక్కి జరగాలి. ఇందులో ఆ బాధ లేదు. గుల్ల లేని ఆ రంగురంగుల సముద్రపు నత్త, డైవర్లు నూడిబ్రాంక్ అనేది, బొటనవేలి గోరంత ఉంటుంది. మామూలు కెమెరాలో అది రాయి మీద రంగు మరక. టీజీ-7లో దాని తలమీది రెండు కొమ్ముల మీద మెట్లుమెట్లుగా ఉన్న మడతలు, వీపు చివర పువ్వులా విచ్చుకున్న మొప్పలు, ఆ మొప్పలు నీటి కదలికకి ముడుచుకుని మళ్లీ తెరుచుకోవడం, అన్నీ తెరనిండా కనిపిస్తాయి.

అయితే 1 సెంటీమీటర్ అన్నారు కదా అని కెమెరాని దాని ముక్కుకి ఆనించకండి. అంత దగ్గరికి వెళ్తే కెమెరా నీడే నత్త మీద పడుతుంది, పక్క నుంచి లైటు దూరడానికి సందుండదు. పైగా హౌసింగ్, అంటే నీళ్లు చొరబడకుండా కెమెరా చుట్టూ బిగించే పెట్టె, దాని ముందు అద్దం ఆ 1 సెంటీమీటర్‌లో కొంత తినేస్తుంది. జూమ్ రెండు మూడింతలు చేసి, అద్దం నుంచి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో ఆగడం మేలు. ఫోకస్ ఒకసారి కుదిరాక ఏఎఫ్ (ఆటోఫోకస్) లాక్ చేసి, ఆ తర్వాత రికార్డింగ్ మొదలుపెట్టాలి. లాక్ చేయకుండా వదిలేస్తే నీళ్లలో తేలే ప్రతి నలకనీ కెమెరా చేప అనుకుంటుంది. ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, మంచి షాట్ మధ్యలో రెండు సెకన్లు మసకబారుతుంది. లాక్ చేశాక ఫోకస్ సరిచేసుకోవాల్సింది చేతులతోనే: మోచేతులు దగ్గరికి పెట్టుకుని కెమెరాని మిల్లీమీటర్ల లెక్కన ముందుకీ వెనక్కీ జరపాలి. ఫోకస్ పీకింగ్ ఆన్‌లో ఉంటే ఎక్కడ స్పష్టంగా ఉందో అంచుల మీద రంగు గీతలు చూపిస్తుంది.

ఇక లోతు. కెమెరా ఒక్కటే 15 మీటర్ల వరకు నీటిని ఆపుతుందని కంపెనీ మాట. స్నార్కెలింగ్‌కి అది ఎక్కువే. స్కూబాకి చాలదు, ఎందుకంటే స్కూబాలో తొలి మెట్టు అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల పరిమితే 18 మీటర్లు. ఆ మూడు మీటర్ల తేడాలో కెమెరా పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. పీటీ-059 పాలికార్బొనేట్ హౌసింగ్ 45 మీటర్లకి తయారైంది. ఇది నిజానికి దీని ముందు మోడల్ టీజీ-6 కోసం వచ్చినదే, టీజీ-7కీ సరిపోతుంది. బటన్లన్నీ బయటి నుంచి నొక్కొచ్చు, ముందు భాగంలో 52 ఎంఎం మరలుంటాయి కాబట్టి ఫిల్టర్లు, వైడ్ లెన్సులు నీళ్లలోనే బిగించి తీసేయొచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: కెమెరా తెరమీద లోతు చూపించే సెన్సర్ హౌసింగ్ లోపల పనికిరాదు. అది కొలిచేది హౌసింగ్ లోపలి గాలి ఒత్తిడినే, బయటి నీటిది కాదు. లోతు చూసుకోవాల్సింది డైవర్లు చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లోనే.

హౌసింగ్‌లోకి నీళ్లు వచ్చాయంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు ఓ-రింగ్ దగ్గరే, అంటే మూత అంచున గాడిలో కూర్చునే రబ్బరు రింగు దగ్గరే. దాన్ని పిన్నుతోనో గోటితోనో పీకకూడదు, రెండు వేళ్లతో పక్కకి నొక్కితే ఉబ్బి పైకి లేస్తుంది, అప్పుడు తీయాలి. పీచు రాలని గుడ్డతో గాడి తుడవాలి. కంపెనీ ఇచ్చిన సిలికాన్ గ్రీజు పెసరగింజంత తీసుకుని వేళ్ల మధ్య రింగుని చుట్టూ లాగుతూ పూయాలి. రింగు నిగనిగలాడితే చాలు, తెల్లగా గడ్డలు కనిపిస్తే ఎక్కువైనట్టే. చాలామంది గ్రీజే నీళ్లని ఆపుతుందనుకుని వెన్న రాసినట్టు రాస్తారు. ఆపేది రింగు. నీటి ఒత్తిడికి అది గాడిలో నొక్కుకుపోవడమే సీలు. గ్రీజు పని రింగు సాఫీగా జరిగేలా చూడటం మాత్రమే. గ్రీజు ఎక్కువైతే ఇసుక, వెంట్రుకలు అంటుకుంటాయి, ఒక్క వెంట్రుక అడ్డంగా పడితే నీళ్లకి దారి దొరికినట్టే. మూత వేశాక పారదర్శకంగా ఉన్న అంచు గుండా చుట్టూ ఒకసారి చూడండి, ఎక్కడైనా సన్నని గీత కనిపిస్తే మళ్లీ తెరవాల్సిందే.

కొత్త హౌసింగ్‌ని మొదటి డైవ్‌కి కెమెరా లేకుండా, లోపల మడిచిన టిష్యూ పేపరుతో తీసుకెళ్లండి. పైకి వచ్చాక టిష్యూ పొడిగా ఉంటేనే రెండో డైవ్‌కి కెమెరా పెట్టండి. పడవ మీద ఒక డైవ్‌కీ ఇంకోదానికీ మధ్య బ్యాటరీ మార్చేటప్పుడు చాలా కెమెరాలు పోయేది ఇలాగే: తడి జుట్టు నుంచి ఒక బొట్టు సరిగ్గా తెరిచిన హౌసింగ్‌లో పడుతుంది. తలకి తువ్వాలు చుట్టుకుని, హౌసింగ్‌ని తలకిందులుగా పట్టుకుని తెరవండి.

ఆవిరి పట్టడం మన తీరంలో లీకు కంటే ఎక్కువ విసిగిస్తుంది. విశాఖ ఉక్కపోతలో, పడవ మీద హౌసింగ్ మూస్తే లోపల ఇరుక్కునేది తేమగాలి. 4కే రికార్డింగ్‌తో కెమెరా వేడెక్కుతుంది. పాలికార్బొనేట్ ఆ వేడిని బయటికి పంపదు. ముందు అద్దం మాత్రం సముద్రపు నీటికి చల్లబడి ఉంటుంది. తేమంతా వెళ్లి ఆ అద్దం మీదే కూర్చుంటుంది, ఇరవయ్యో నిమిషంలో వీడియో మధ్యలో తెల్లటి మచ్చ మొదలవుతుంది. దీనికి మందు సులువు: ముందురోజు రాత్రి ఏసీ గదిలో, పొడిగాలిలో హౌసింగ్ మూసేయాలి. కెమెరా కింద తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టాలి. పడవ మీద ఎండలో పెట్టకుండా తడి తువ్వాలు కప్పాలి.

రంగు విషయానికొస్తే, నీరు ముందుగా మింగేది ఎరుపు. అయిదారు మీటర్లు దిగేసరికి ఎర్రటి చేప గోధుమరంగులోకి మారుతుంది, పదిహేను దాటితే అంతా నీలి ఆకుపచ్చే. టీజీ-7లో నీటి అడుగుకి మూడు వైట్ బ్యాలెన్సులు (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగులు) ఇచ్చారు: 3 మీటర్ల లోపుకి, 3 నుంచి 15 వరకు, 15 దాటాక. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గర నీలినీళ్లలో ఇవి బాగానే పనిచేస్తాయి. మన తీరపు ఆకుపచ్చ నీళ్లలో నమ్మడం కష్టం. అక్కడ తెల్ల పలకని చూపించి కెమెరాకి సొంతంగా వైట్ బ్యాలెన్స్ నేర్పించడమే దారి, లోతు మారిన ప్రతి మూడు మీటర్లకీ మళ్లీ. ఫిల్టర్ కొంటే కూడా ఇదే తేడా చూడాలి: నీలి నీళ్లకి ఎరుపు ఫిల్టర్, ఆకుపచ్చ నీళ్లకి మెజెంటా. ఫిల్టరూ లైటూ కలిపి వాడకండి. ముందున్న చేప టమాటా పండులా, వెనక నీళ్లు మామూలుగా వస్తాయి.

దగ్గర వీడియోకి మాత్రం లైటే సరైన దారి. 2500 ల్యూమెన్లు, 100 డిగ్రీల వెలుతురు, 5000 కెల్విన్ పైన రంగు (పగటి వెలుతురులాంటి తెలుపు) ఉన్న ఒక లైటు చాలు. దాన్ని కెమెరా పక్కనే ముందుకి గురిపెడితే మధ్యలో తేలే నలకలన్నీ మెరుస్తాయి, హెడ్‌లైటు వెలుతురులో వానలా ఉంటుంది. చేతిని బయటికి చాపి, లైటు అంచు వెలుతురు మాత్రమే జీవికి తగిలేలా పక్క నుంచి కొట్టాలి. చెప్పడం తేలిక, అలవాటు కావడానికి నాలుగు డైవ్‌లు పడుతుంది.

ఇప్పుడు లోపాలు. వీడియోలో షట్టర్ స్పీడు మన చేతిలో ఉండదు. వెలుతురు పెరిగితే కెమెరా తన ఇష్టప్రకారం సర్దుకుంటుంది, ఫ్రేములోకి తెల్లటి చేప వస్తే వెనకంతా నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్‌ని, అంటే చిత్రం వెలుతురుని, కాస్త తగ్గించి మైనస్ 0.7 దగ్గర పెట్టి వదిలేస్తే తెల్లటి నూడిబ్రాంకులు సున్నంలా మారకుండా ఆగుతాయి, అంతకుమించి అదుపు లేదు. రంగులు తర్వాత కంప్యూటర్‌లో సరిదిద్దుకునే ఫ్లాట్ ప్రొఫైల్ లేదు. అలాంటి ప్రొఫైల్‌నే లాగ్ అంటారు కాబట్టి, కెమెరా మీద లాగ్ అని రాసి ఉన్న మీట చూసి వీడియోవాళ్లు సంబరపడతారు. అది మీరు తిరిగిన దారిని జీపీఎస్‌తో రాసిపెట్టే మీట. నీళ్లలో ఉపగ్రహాలు అందవు, బ్యాటరీ మాత్రం కరుగుతుంది, ఆఫ్ చేసేయండి. బ్యాటరీ ఎలాగూ చిన్నదే, ఒక డైవ్‌కి ఒకటి చొప్పున లెక్కేసుకుని కొనండి.

పెద్ద జీవులకి ఇది కెమెరా కాదు. లెన్స్ మొదలయ్యేది 25 ఎంఎం దగ్గర, ఈ అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టేది తగ్గుతుంది. చదునైన అద్దం వెనక, నీళ్లలో, వక్రీభవనం వల్ల అది 33 ఎంఎం లెన్స్‌లా పనిచేస్తుంది. తాబేలు మొత్తం ఫ్రేములో పట్టాలంటే వెనక్కి జరగాలి, వెనక్కి జరిగితే మధ్యలో బురదనీళ్లు చేరతాయి. తాబేళ్లు, టేకు చేపలు, చేపల గుంపులే మీ లక్ష్యమైతే గోప్రోలాంటి వైడ్ కెమెరా తీసుకోండి. అది జానెడు కంటే దగ్గర్లో స్పష్టంగా చూడలేదు, ఇది అంత వెడల్పుగా చూడలేదు. రెండూ చేసేది లెన్సులు మార్చుకోగలిగే మిర్రర్‌లెస్ కెమెరా, కానీ దాని అల్యూమినియం హౌసింగ్ ఖరీదే కెమెరా ఖరీదుని దాటిపోతుంటుంది.

టీజీ-6 చేతిలో ఉన్నవాళ్లు దీనికి మారాల్సిన పనిలేదు. లెన్స్ అదే, సెన్సర్ అదే. యూఎస్‌బీ-సీ, నిలువు వీడియో, బ్లూటూత్ రిమోట్ కలిశాయి, నీళ్లలో మూడూ అక్కరకు రావు. కొత్తగా కొనేవాళ్లు సెకండ్‌హ్యాండ్ టీజీ-6 దొరికితే మిగిలిన డబ్బుతో మంచి లైటు కొనడం లాభం. అయితే పాత కెమెరా అయితే బ్యాటరీ తలుపు, కనెక్టర్ తలుపు లోపలి రబ్బరు సీళ్లు ఎప్పుడు మార్చారో అడగండి. ఏడాదికోసారి మార్చమని కంపెనీయే చెబుతుంది.

దగ్గరికి వెళ్లే కెమెరాతో ఒక చెడ్డ అలవాటు కూడా వస్తుంది: షాట్ కోసం సముద్రగుర్రాన్ని వేలితో తిప్పడం, విసనకర్రలా పెరిగే పగడం, సీ ఫ్యాన్‌ని పట్టుకుని ఆనుకోవడం. సముద్రగుర్రాలకి, ఆలివ్ రిడ్లే తాబేళ్లకి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, తాకడం తగని పని. ఎన్ని ల్యూమెన్లున్నా లైటుని ఒక జీవి మీద నిమిషం దాటి ఉంచకండి. కళ్లు మూసుకోలేని చేపలే ఎక్కువ.

పైకి వచ్చాక హౌసింగ్‌ని తెరవకుండానే మంచినీళ్ల బక్కెట్టులో కనీసం పావుగంట నానబెట్టండి. నానుతుండగానే ప్రతి బటన్‌ని పదిసార్లు నొక్కాలి, లేకపోతే స్ప్రింగుల వెనక ఉప్పు గడ్డకట్టి రెండో వారానికి షట్టర్ లోపలికి వెళ్లి బయటికి రాదు. డైవ్ పడవల మీద అందరి మాస్కులూ కడిగే డ్రమ్ములో మాత్రం వేయకండి. మాస్కులకి పూసిన షాంపూ నురగ అందులోనే ఉంటుంది, ఎవరో విసిరిన బరువు బెల్టు కూడా.